నడివయసులో మొదలైన దురద

నోట్లోకి ఏం పోయిందని అందరూ అడుగుతున్నారు. ఒంటికి ఏం తగులుతోందని అడిగేవాళ్లు తక్కువ. నిజామాబాద్ పట్నంలో, బోధన్ చెరకు పల్లెల్లో పెద్దయ్యాక కొత్తగా వచ్చే ఎగ్జిమాపై కథనం.

చిన్నప్పటి నుంచి ఒంటి మీద ఒక్క దద్దు కూడా ఎరగని మనిషి. నలభై ఐదు దాటాక ఒక వానాకాలం కనురెప్పలు వాచాయి. చెవుల వెనక చర్మం పగిలి రసి కారింది. మెడ చుట్టూ, మోచేతుల మడతల్లో చర్మం నల్లబడి మందమైంది. గోకుతూ గోకుతూనే తెల్లవారుతోంది. ఇలాంటి మనిషి మన ఊళ్లకు కొత్త కాదు. వేడి చేసిందంటారు ఇంట్లోవాళ్లు. రక్తం చెడిపోయిందంటారు వాడకట్టోళ్లు. “ఏం తిన్నవ్ బావా?” అని చుట్టం ఆరా తీస్తాడు. ఇక పత్యం మొదలు. వంకాయ బంద్, గోంగూర బంద్, ఎండుచేపలు బంద్, కోడిగుడ్డు బంద్. నెల తిరిగినా దురద మాత్రం బంద్ కాదు.

తిండి పడక ఎగ్జిమా ఎక్కువ కావడం పసిపిల్లల్లో కొందరికి ఉంటుంది. పెద్దవాళ్లలో అది అరుదు. అయినా పెద్దవాళ్ల ఎగ్జిమా అనగానే మన చూపు కంచం మీదికే పోతోంది. చేను మీదికి, కాలువ గట్టు మీదికి, సిమెంటు తట్ట మీదికి, బీడీల చాట మీదికి, అంట్లు తోమే పౌడరు మీదికి పోవడం లేదు. ఈ జిల్లాలో ఎంతోమంది ఏళ్ల తరబడి బాధపడటానికి, డబ్బు పోగొట్టుకోవడానికి ఆ చూపు లేకపోవడమే కారణమని నేను నమ్ముతున్నాను.

ఇరవై ఏళ్లు ఏం కాలేదు కదా!

పెద్దయ్యాక కొత్తగా ఎగ్జిమా వస్తుందా? వస్తుంది. చిన్నపిల్లల జబ్బుగా పేరుపడ్డ అటోపిక్ డెర్మటైటిస్ ఉన్న పెద్దవాళ్లలో కూడా దాదాపు నలుగురిలో ఒకరికి అది పెద్దయ్యాకే మొదలైందని వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు చెప్పారు. ఇక పనిచేసే వయసులో మనిషిని పట్టుకునేది ముఖ్యంగా కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే ఏదైనా తగలడం వల్ల వచ్చే ఎగ్జిమా. అందులో రెండు దారులున్నాయి. సబ్బు, సర్ఫు, సున్నం, తడి సిమెంటు లాంటివి చర్మంలోని జిడ్డును కడిగేసి, దాని పైపొరను అరగదీస్తాయి. తగినంత కాలం తగిలితే ఇది ఎవరికైనా రావచ్చు. రెండోది అలర్జీ. ఇది అందరికీ రాదు. కొందరి శరీరంలోని రక్షణ కణాలు ఒకానొక రసాయనాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ తర్వాత అది ఎప్పుడు, ఎంత కొంచెం తగిలినా చర్మం మీద మంట రేపుతాయి.

ఆ గుర్తుపెట్టుకోవడం మొదటి రోజే జరగాలని లేదు. కొన్నిసార్లు నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఇరవై ఏళ్లు పడుతుంది. “ఇన్నేండ్లు ఇదే పని చేసిన, ఏం కాలే. ఇప్పుడెట్లయితది?” అని రైతు అడిగే ప్రశ్న సహజమైనదే. జవాబు మాత్రం తిరగబడి ఉంటుంది. అన్నేళ్లు తగిలింది కాబట్టే ఇప్పుడు వచ్చింది.

ఇంకో చిక్కు ఉంది. ఈ అలర్జీ వెంటనే పైకి తేలదు. తగిలిన ఒకటి రెండు రోజులకు దద్దు లేస్తుంది. సోమవారం గట్టు మీద గడ్డి కోస్తే బుధవారం కళ్లు వాస్తాయి. ఆ మంగళవారం రాత్రి ఇంట్లో వంకాయ కూర వండి ఉంటే నేరం దాని మీద పడుతుంది. అసలు కారణం రెండు రోజుల వెనక దాక్కుంటుంది. అందుకే ఈ జబ్బులో కారణాన్ని ఊహించడం కష్టం, వెతికి పట్టుకోవాల్సిందే.

గట్టు మీద తెల్లపూలు

మంజీరా మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో ఈ నేల చెరకు నేల అయింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఒకప్పుడు చెప్పుకునేవాళ్లు. 2002లో అది ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి గేట్లు మూశారు. ఆ తర్వాత బోధన్ చెరకు రైతుల్లో కొందరు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీలకు గడలు తోలారు. చాలామంది వరికి, సోయాకు మళ్లారు. పంటలు మారాయి, కాలువలు అవే ఉన్నాయి. ఆ కాలువ గట్ల మీద, బీడు జాగాల్లో, రోడ్ల అంచున, బడి వెనక, శ్మశానం పక్కన తొలకరి తర్వాత నడుమెత్తు లేచి తెల్లగా పూసే మొక్క ఒకటుంది. వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటాం. శాస్త్రవేత్తలు పార్థీనియం హిస్టెరోఫోరస్ అంటారు.

దీని సొంత ఊరు అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతం. 1950ల మధ్యలో మన దేశంలో మొదట పుణెలో కంటపడింది. దిగుమతి గోధుమల వెంట వచ్చిందని చెప్తారు. 1970ల నాటికి పుణె ప్రాంతంలో దీనివల్ల వచ్చే చర్మవ్యాధి గురించి వైద్యులు ప్రపంచ వైద్య పత్రికల్లో రాయాల్సి వచ్చింది. ఒక్కో మొక్క వేలాది గింజలు రాలుస్తుంది. తడి దొరికితే ఏ నెలలోనైనా మొలుస్తుంది, నెల రోజుల్లోపే పూతకు రాగలదు. పశువులు దీన్ని ముట్టుకోవడానికి ఇష్టపడవు. అది పెరిగిన చోట మేత గడ్డి తగ్గిపోతుంది.

మనిషి చర్మానికి పడనిది ఇందులోని పార్థీనిన్ అనే పదార్థం. మొక్క ఒంటి నిండా ఉండే సన్నని నూగులో అది ఉంటుంది. ఎండిన మొక్క పొడి గాలికి లేచి ముఖం మీద, మెడ మీద, చొక్కా గుండీ పెట్టని చోట వాలుతుంది. చెమటతో కలిసి మడతల్లో దిగుతుంది. కాబట్టి మొక్కను చేత్తో ముట్టుకోవాల్సిన పని కూడా లేదు. బండి మీద గట్టు వెంట పొద్దూమాపూ తిరిగితే చాలు. కనురెప్పలు, ముక్కు పక్క గీతలు, చెవుల వెనక, గడ్డం కింద, మెడ, మోచేతి మడతలు, మోకాళ్ల వెనక వచ్చే ఎగ్జిమాను చూడగానే మన దేశపు చర్మవైద్యుడికి ముందు గుర్తొచ్చేది ఈ మొక్కే. బయట పనిచేసే నడివయసు మగవాళ్లలో ఇది ఎక్కువ. మొదట్లో ఎండాకాలం, వానాకాలం ఎక్కువై చలికాలం తగ్గుతుంది. పట్టించుకోకపోతే ఏడాది పొడవునా నిలిచిపోతుంది. కొంతమందికి ఇంకో మెట్టు ముదిరి ఎండే పడకుండా పోతుంది. ముఖం, చేతుల వెనక భాగం ఎండ తగిలిన మేరకు మందమై నల్లబడతాయి. పొలం పనే బతుకైన మనిషికి ఎండ పడకపోతే ఎంత నరకమో వేరే చెప్పాలా?

వయ్యారిభామ పడని వాళ్లలో కొందరికి దాని కుటుంబంలోని మిగతా మొక్కలూ పడవు. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఒకే కుటుంబానివి. బతుకమ్మ పండుగ రోజుల్లో చామంతులు, బంతులు తెంపి, పేర్చి, పొద్దంతా ఆ పూల మధ్య ఉన్న ఆడబిడ్డకు రెండు రోజుల తర్వాత చేతులు, ముఖం దురద పెడితే అది దిష్టీ కాదు, దేవత కోపమూ కాదు. గునుగు, తంగేడు వేరే కుటుంబాల మొక్కలు. వాటితో బతుకమ్మ నిండుగానే ఉంటుంది.

వయ్యారిభామను తినే పెంకు పురుగు ఒకటి ఉంది. జైగోగ్రామా బైకలరేటా. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలం అది ఆకులు తిని మొక్కను కొంతమేర అణుస్తుంది. అయితే పురుగు మీద భారం వేసి ఊరు ఊరుకుంటే కుదరదు. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందు, చేతులకు గ్లవుజులు, ముఖానికి గుడ్డ, నిండు చేతుల చొక్కా వేసుకుని వేర్లతో పీకాలి. పంట లేని రోడ్డు పక్క జాగాల్లో 15 నుంచి 20 శాతం ఉప్పు ద్రావణం చల్లవచ్చు. పూత రాని మొక్కను గుంటలో వేసి ఎరువు చేసుకోవచ్చు. ఎండిన కుప్పలకు నిప్పు పెట్టకూడదు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఒకసారి అలర్జీ వచ్చిన మనిషి ఈ పీకే పనికి పోకూడదు, పక్కన నిలబడకూడదు.

చెరకు, పసుపు, బీడీ, సిమెంటు

వయ్యారిభామ ఒక్కదాన్నే నిందిస్తే మిగతావి తప్పించుకుంటాయి. చెరకు ఆకు అంచుకు రంపపు పళ్లుంటాయి. మొవ్వు పక్క తొడుగు మీద గుచ్చుకునే నూగు ఉంటుంది. ఆకు దూసేటప్పుడు, గడ నరికేటప్పుడు చేతులు, మెడ గీసుకుపోవడం చెరకు పని తెలిసినవాళ్లందరికీ అనుభవమే. ఈ గీతలు వాటంతట అవే మానతాయి. గీసుకుపోయిన చర్మం మీద చెమట, కలుపు మందు, పురుగు మందు, వయ్యారిభామ పొడి పడితేనే అసలు ఇబ్బంది. చర్మం పైపొర చెడినచోట అలర్జీ సులభంగా లోపలికి దారి చేసుకుంటుంది.

పసుపు సంగతీ అంతే. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు తెచ్చే ఆర్మూరు, బాల్కొండ రైతులకు, కొమ్ముల్ని పాలిష్ పట్టే కూలీలకు ఆ దుమ్ము కొత్త కాదు. 2025 జూన్‌లో జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం ఇదే పట్నంలో తెరుచుకుంది. పసుపును ఒంటికి మంచిదని రాసుకోవడం మన ఆచారం. పసుపులోని కుర్కుమిన్ చర్మానికి పడనివాళ్లు అరుదే, ఉన్నారు మాత్రం. మామూలు దుమ్ము కూడా చెమట మడతల్లో చేరి ఒరిపిడి పెడుతుంది. ఎగ్జిమా రేగిన చోట పచ్చి పసుపు, వేపాకు నూరి పట్టువేసే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతుల గురించి ఈ జిల్లాలో ఎంత రాసినా తక్కువే. తునికాకు నానబెట్టాలి, కత్తిరించాలి, తంబాకు నింపి దారం చుట్టాలి. వెయ్యి బీడీల లెక్కన కూలి. పొద్దంతా వేళ్లకు తడి, తంబాకు పొడి. ఆ పని దిగాక అంట్లు, బట్టలు, సర్ఫు. చర్మం ఆరి కుదుటపడే సమయమే లేదు. వేళ్ల కొసలు పగలడం, అరచేయి ఎండి చీలడం ఇక్కడ మొదలవుతాయి. గ్లవుజులు వేసుకుని బీడీ చుట్టలేరు. అందుకని వాళ్లకు చెప్పగలిగిన సలహా చిన్నది: పని ఆపినప్పుడల్లా మామూలు నీళ్లతో చేతులు కడిగి, తుడిచి, వెంటనే పెట్రోలియం జెల్లీనో కొబ్బరినూనెనో రాసుకోవాలి. అంట్లకు, బట్టలకు మాత్రం లోపల నూలు గ్లవుజు, పైన రబ్బరు గ్లవుజు వేసుకోవాలి. ఆ మాత్రం ఖర్చుకు ఇంట్లో మగవాళ్లు అడ్డు చెప్పకూడదు.

వంటింట్లో వెల్లుల్లి పొట్టు తీసేవాళ్లకు ఒక విచిత్రమైన గుర్తు కనిపిస్తుంది. కత్తి పట్టేది కుడిచెయ్యి అయితే, రెబ్బను పట్టుకునే ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలి కొసలే పగులుతాయి. మిగతా వేళ్లు బాగుంటాయి. వెల్లుల్లిలోని డయలైల్ డైసల్ఫైడ్ అనే పదార్థం రబ్బరు గ్లవుజుల్లోంచి కూడా దూరిపోతుంది. హోటళ్లలో, క్యాటరింగ్ వంటల్లో పనిచేసేవాళ్లు ఒకసారి తమ వేళ్లు చూసుకుంటే మంచిది.

గల్ఫ్ కథ వేరే. ఈ జిల్లా నుంచి దుబాయి, సౌదీ, కువైట్ పోయి కట్టడాల మీద పనిచేసినవాళ్లు లేని ఊరు అరుదు. తడి సిమెంటుకు ఉండే క్షారగుణం చర్మాన్ని కొరుకుతుంది. అందులోని ఒక రకం క్రోమియం అలర్జీ తెస్తుంది. సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఆ క్రోమియం తీవ్రత తగ్గుతుంది. డెన్మార్క్ 1980లలోనే ఆ పని మొదలుపెట్టింది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005 జనవరి నుంచి సిమెంటులో ఈ క్రోమియం పది లక్షల భాగాలకు 2 భాగాలు మించకూడదని చట్టం పెట్టుకున్నాయి. అక్కడి మేస్త్రీల చేతులకు దొరికిన ఆ రక్షణ మన మేస్త్రీలకూ దొరకాలి. క్రోమియం తోలు చెప్పుల్లోనూ ఉంటుంది. పచ్చి తోలును కుళ్లకుండా పదును చేయడానికి దాన్ని వాడతారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి సిమెంటు పని మానేసినా కాళ్ల మీద ఎగ్జిమా పోనివాళ్లు ఒకసారి తమ తోలు చెప్పులు మార్చి చూడాలి.

తలకు వేసే నల్లరంగు సంగతి అందరికీ కొంత తెలుసు. నలభై దాటి మొదటిసారి ఎగ్జిమా వచ్చిన మనిషిని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న అది. అందులోని పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకు నుదురు, చెవులు, మెడ, కనురెప్పలు వాస్తాయి. తల మీద కంటే చుట్టుపక్కలే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి రంగు మీద అనుమానం రాదు. ‘నల్ల గోరింట’ పేరుతో అమ్మేవాటిలోనూ ఇదే కలుస్తుంటుంది.

ట్యూబు మహిమ

దురద మొదలైన మనిషి ముందు డాక్టరు దగ్గరికి పోడు. మెడికల్ షాపుకు పోతాడు. “అన్నా, దురదకు మంచి ట్యూబ్ ఇయ్యి” అంటాడు. చేతికొచ్చే ట్యూబులో చాలాసార్లు మూడు మందులు కలిసి ఉంటాయి. ఒక స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. ఆ స్టెరాయిడ్ క్లోబెటసాల్ అయితే, చర్మానికి రాసేవాటిలో దానంత బలమైనది దాదాపు లేదు. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది. ఆపిన వారంలో మళ్లీ వస్తుంది. మళ్లీ ట్యూబు. ఇలా నెలలు గడుస్తాయి.

దురద తెచ్చేవన్నీ ఒకటే జబ్బు కావు. తొడల మధ్య, నడుము చుట్టూ గుండ్రంగా అంచు లేచి పాకేది ఫంగస్, అంటే తామర. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఎగ్జిమా అంటుకోదు. తామర మీద స్టెరాయిడ్ రాస్తే ఎర్రదనం తగ్గినట్టు కనిపిస్తూ లోపల ఫంగస్ విచ్చలవిడిగా పెరుగుతుంది. దేశమంతటా గత పదేళ్లుగా మందులకు లొంగకుండా పాకుతున్న తామర వెనక ఈ మూడు మందుల ట్యూబులున్నాయని చర్మవైద్యులు మొత్తుకుంటున్నారు. నిజంగా ఎగ్జిమాయే అయినా, ఇష్టం వచ్చినట్టు రాస్తే చర్మం పలచబడుతుంది, గజ్జల్లో చారలు పడతాయి, ముఖం మీద రాస్తే ఎర్రబడి, మొటిమలొచ్చి, మానేసిన ప్రతిసారీ మంట పుడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందుల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం ఉంది. కౌంటరు దగ్గర దాన్ని గుర్తుచేయాల్సింది మనమే.

ఊళ్లలో ఇంకో అలవాటు సూది. దురదకు ఒక స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే మనిషికి నెల రోజులు సుఖంగా ఉంటుంది, ఆ తర్వాత మునుపటి కంటే ఎక్కువగా తిరగబడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు అదే సూది రక్తంలో చక్కెరను ఎగదోస్తుంది. ఏ సూది వేస్తున్నారో పేరు అడగండి. చీటీ మీద రాయించుకోండి.

నాటు వైద్యంలో జిల్లేడు పాలు, నల్లజీడి, వెల్లుల్లి ముద్ద వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ మూడూ ఆరోగ్యంగా ఉన్న చర్మాన్నే కాల్చగలవు. నల్లజీడి అయితే స్వయంగా బలమైన అలర్జీ తెచ్చే పదార్థం. వీటిని ఎగ్జిమా మీద పెట్టడం ప్రమాదం.

అంటుకోదు, కుష్టు కాదు

ఈ జిల్లాలో చర్మం మీద మచ్చ పడగానే పెద్దవాళ్ల మనసులో మెదిలే భయం ఒకటుంది. పక్కనే డిచ్‌పల్లి. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ వందేళ్ల కిందట అక్కడ కుష్టురోగుల కోసం ఆసుపత్రి కట్టారు. రాజా నర్సాగౌడ్ దానికి పెద్ద విరాళమిచ్చారు. ఊరు వెలివేసిన మనుషులకు అన్నం, మందు, పని దొరికిన చోటు అది. ఆ చరిత్ర ఈ జిల్లాకు గర్వకారణం. కానీ ఆ పేరు చుట్టూ పాత భయం కూడా మిగిలింది. ముఖం నల్లబడి, చెవులు మందమైన మనిషిని చూసి గుసగుసలాడటం, మంగలి షాపులో వేరే కత్తి అడగడం, పెళ్లి సంబంధం దగ్గర మాట ఆగిపోవడం ఇప్పటికీ ఉన్నాయి.

తేడా తెలుసుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది. కుష్టు మచ్చ సాధారణంగా దురద పెట్టదు. అక్కడ స్పర్శ తగ్గుతుంది, చెమట పట్టదు, వెంట్రుకలు రాలతాయి. ఎగ్జిమా దురదతో నిద్ర పట్టనివ్వదు. స్పర్శ లేని మచ్చ ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. కుష్టుకు మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఇంట్లో అందరికీ రాత్రిళ్లు దురద ఉంటే, వేళ్ల సందుల్లో పొక్కులుంటే అది గజ్జి. దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. ఎగ్జిమా వచ్చిన మనిషి కంచం, దుప్పటి వేరు చేయాల్సిన పనిలేదు. పక్కన కూర్చుంటే రాదు, ముట్టుకుంటే రాదు.

అలాగని పెద్దవయసులో వచ్చే ప్రతి దురదనూ ఎగ్జిమా అనుకుని వదిలేయకూడదు. షుగర్, థైరాయిడ్, కిడ్నీ జబ్బులు కూడా దురద తెస్తాయి. బీపీకి వాడే కొన్ని మాత్రలు ముసలివాళ్లలో ఎగ్జిమాను పోలిన దద్దులు తెస్తాయి. కాళ్లలో నరాలు ఉబ్బినవాళ్లకు చీలమండ దగ్గర వచ్చే నల్లటి ఎగ్జిమా అసలు రక్తప్రసరణ సమస్య. ఎంత మందు వాడినా తగ్గకుండా నెలల తరబడి ముదురుతుంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. అరుదుగా అది చర్మపు క్యాన్సర్ కావచ్చు.

వీపు మీద పరీక్ష

తగిలే వస్తువును పట్టుకునే పరీక్ష పాతదే. 1895లో జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాడసోన్ దీన్ని ప్రపంచానికి చూపించాడు. ప్యాచ్ టెస్ట్ అంటారు. అనుమానం ఉన్న పదార్థాలను కొద్దికొద్దిగా చిన్న బిళ్లల్లో పెట్టి వీపు మీద అతికిస్తారు. రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, మరో ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఏ బిళ్ల కింద చర్మం ఎర్రబడి పొంగితే అది నిందితురాలు. మన దేశపు అవసరాలకు తయారైన ప్రామాణిక వరుసలో వయ్యారిభామ, క్రోమియం, నికెల్, పీపీడీ, పరిమళ ద్రవ్యాలు వంటివి ఉన్నాయి. ఎగ్జిమా బాగా రేగి ఉన్నప్పుడు, స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడుతున్నప్పుడు ఈ పరీక్ష నమ్మదగ్గది కాదు. బిళ్లలున్నన్ని రోజులు వీపు తడపకూడదు. ఇక వేలకు వేలు పోసి చేయించుకునే రక్తపు ‘అలర్జీ ప్యానెల్’ ఈ రకం ఎగ్జిమాకు జవాబు చెప్పదు. అది వేరే రకం అలర్జీకి చేసేది. ఈ మాట తెలియక పోగొట్టుకుంటున్న డబ్బు తక్కువ కాదు.

పరీక్షకు పోయేముందు మీరే చేయగల పని ఉంది. ఒక నోటుపుస్తకం తీసుకుని దద్దు ఎప్పుడు, ఎక్కడ మొదలైందో రాయండి. ఆ రోజుకు ముందు మూడు రోజుల్లో ఏ చేనుకు పోయారు, ఏ మందు కొట్టారు, తలకు రంగు వేశారా, కొత్త సబ్బు వాడారా రాయండి. ఊరు విడిచి హైదరాబాద్‌లో కొడుకు ఇంట్లో పది రోజులుంటే తగ్గిందా? తిరిగి వచ్చిన వారంలోపు మళ్లీ వచ్చిందా? అయితే డాక్టరుకు ఆ ఒక్క సంగతి పది మందుల చీటీల కంటే ఎక్కువ చెబుతుంది.

చికిత్సలో సగం చర్మాన్ని ఎండిపోనివ్వకపోవడమే. గోరువెచ్చని నీళ్లతో తక్కువసేపు స్నానం, అవసరమైన చోటే సబ్బు, తుడుచుకున్న వెంటనే ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే మాయిశ్చరైజర్. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉన్న ఊళ్లలో సబ్బు నురగ రాక ఎక్కువ రుద్దుతారు. అది చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. డాక్టరు స్టెరాయిడ్ రాస్తే భయపడి మానేయడం కూడా పొరపాటే. సరైన బలం, సరైన చోటు, సరైనన్ని రోజులు అయితే అది మంచి మందు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన మందు రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. ముఖానికి, మడతలకు టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని మందులున్నాయి. ఒళ్లంతా పాకిన వయ్యారిభామ ఎగ్జిమాకు అజాథయోప్రిన్ మాత్రలు బాగా పనిచేస్తాయని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చూపించారు. రక్తపరీక్షలు చేయిస్తూ, డాక్టరు కనిపెట్టుకుని ఉండగానే వాటిని వాడాలి. సొంతంగా కొనకూడదు. అమెరికాలో 2017 నుంచి వాడుకలోకి వచ్చిన డ్యుపిలుమాబ్ లాంటి ఇంజక్షన్లు అటోపిక్ రకానికి గొప్పగా పనిచేస్తున్నాయి గానీ వాటి ధర బోధన్ రైతుకు అందేది కాదు.

నిజామాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2013లో మొదలైంది. దాని అనుబంధ ఆసుపత్రిలో చూపించుకోవడానికి ప్రైవేటు ఫీజు అక్కరలేదు. అక్కడ ప్యాచ్ టెస్ట్ ప్రతి రైతుకు, బీడీ కార్మికురాలికి, గల్ఫ్ నుంచి వచ్చిన మేస్త్రీకి ఉచితంగా, ఎప్పుడడిగితే అప్పుడు దొరకాలి. బోధన్ ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా చర్మవైద్యుడు కూర్చోవాలి. ఇది పెద్ద కోరిక కాదు. జిల్లా ప్రజాప్రతినిధులు, అధికారులు దీన్ని పట్టించుకోవాలని అడుగుతున్నాం.

ఊరు చేయాల్సింది ఊరే చేయాలి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ పిలుపుతో ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతా వయ్యారిభామ మీద అవగాహన వారం జరుగుతుంది. ఆ వారం దాకా ఆగితే మన దగ్గర సగం మొక్కలు పూసేస్తాయి. తొలకరి పడి మొలకలు జానెడు లేచినప్పుడే, జులైలోనే, కాలువ గట్లు, బడి ఆవరణ, అంగన్‌వాడీ చుట్టుపక్కల పీకించమని మీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. పీకే కూలీలకు గ్లవుజులు, మాస్కులు ఇచ్చాకే పనిలో దింపమని అడగండి.